చార్టులో 1800, కడుపులోకి 980

ప్రశ్న: నమస్కారం. ఎమ్మెస్సీ న్యూట్రిషన్ అయ్యాక హనుమకొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో డైటీషియన్ ఇంటర్న్‌గా చేరి రెండు నెలలైంది. పక్షవాతం వచ్చిన 56 ఏళ్ల రైతుకు మింగడం రాక ముక్కులోంచి కడుపులోకి దిగే రైల్స్ ట్యూబ్ వేశారు. ఎత్తు 165 సెం.మీ., బరువు అంచనాగా 48 కేజీలు. రెండు నెలల కింద యాసంగి వడ్లు అమ్మినప్పుడు కాంటా మీద నిలబడితే 54 ఉన్నాడని భార్య చెప్పింది. రోజూ తాగుడు అలవాటుంది. ఆసుపత్రికి రాకముందు వారం రోజులు సరిగా తినలేదు, వచ్చాక రెండు రోజులు సెలైన్ మీదే ఉన్నాడు. నేను 1800 క్యాలరీలు లెక్కకట్టి, పొద్దున 6 నుంచి రాత్రి 10 దాకా రెండు గంటలకోసారి 200 మి.లీ. చొప్పున తొమ్మిది ఫీడ్లు రాశాను. మూడో రోజు రక్తంలో ఫాస్ఫేట్ 2.8 నుంచి 1.7కు పడిపోయిందని డాక్టర్ గారు ఫీడ్ సగం చేయమన్నారు. నర్సుల షీటు కూడితే వెళ్లింది 1400 మి.లీ.యే. తక్కువ వెళ్లినా ఎక్కువైందంటే ఎట్లా? పైగా భార్య ఇంటి నుంచి రాగిజావ తెచ్చి ట్యూబులో పోస్తోంది, వద్దన్నా వినదు. వచ్చే వారం ట్యూబుతోనే పరకాల దగ్గరి వాళ్ల ఊరికి పంపుతారట. నాకు మిగిలిన నాలుగు నెలల్లో ఏం నేర్చుకోవాలి? ఆర్డీ (రిజిస్టర్డ్ డైటీషియన్) పరీక్షకు ఎట్లా తయారుకావాలి? – ఒక ఇంటర్న్, హనుమకొండ

సమాధానం: 1800 ఎక్కడి నుంచి వచ్చిందో ముందు చూద్దాం. 165 సెం.మీ. ఎత్తుకు బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు సూచిక) 22 రావాలంటే 60 కేజీలుండాలి. ఆ అరవైని 30తో హెచ్చవేశారు. గుణకారంలో తప్పు లేదు. కానీ మంచం మీదున్న మనిషి 48 కేజీలే, బీఎంఐ 17.6. ఆయన ఒంట్లో లేని 12 కేజీలకు కూడా మీరు ఫీడ్ రాశారు. చిక్కిపోయిన రోగికి ఇప్పుడున్న బరువు మీదే లెక్క మొదలుపెట్టాలి. ఉండాల్సిన బరువు తర్వాతి నెలల గమ్యం, మొదటి వారం లెక్కకు అది పనికిరాదు. ఐసీఎంఆర్–ఎన్‌ఐఎన్ (హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ) 2020 పట్టికలో 65 కేజీల మగవాడికి రోజుకు 2110 క్యాలరీలు, 54 గ్రాముల ప్రొటీన్ అని ఉంటుంది, అది కూడా పడక పక్కన తెరిచే పట్టిక కాదు. ఆ 65 కేజీల మనిషి ఆరోగ్యంగా ఉండి, తన పని తాను చేసుకుంటున్నవాడు.

వడ్ల కాంటా బరువు అడిగి రాబట్టారు చూడండి, ఈ కేసులో అన్నింటికన్నా విలువైన సమాచారం అదే. రెండు నెలల్లో 54 నుంచి 48కి వచ్చాడంటే 11 శాతం తగ్గాడు. దానికి ఇంకో రెండు కలపండి. టేపుతో భుజానికీ మోచేతికీ నడిమధ్య చుట్టుకొలత తీయండి. పెద్దవాళ్లలో అది 23.5 సెం.మీ. కన్నా తక్కువుంటే బీఎంఐ 20 లోపే ఉండే అవకాశం ఎక్కువ. పక్షవాతం లేని చేతికే తీయాలి. తర్వాత చీలమండ దగ్గర బొటనవేలితో కాసేపు నొక్కి వదలండి. గుంట పడితే నీరుంది, మీ 48లో కొంత నీళ్ల బరువు, అసలు మనిషి ఇంకా తక్కువ.

ఇక ఫాస్ఫేట్ సంగతి. దీన్ని రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారని మీరు చదివే ఉంటారు. చదివినప్పుడు అదేదో ఎముకల గూడులా మిగిలిన మనుషులకు వచ్చేదని అనిపిస్తుంది, అందుకే మన వార్డుల్లో కళ్లముందున్నా కనపడదు. రోజుల తరబడి తిండి లేనప్పుడు ఒళ్లు కొవ్వును కరిగించి బతుకుతుంది, ఇన్సులిన్ బాగా తగ్గి ఉంటుంది. ఒక్కసారి పిండిపదార్థం అందగానే ఇన్సులిన్ ఎగబాకుతుంది. దానితో పాటు ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం రక్తంలోంచి కణాల్లోకి దూసుకుపోతాయి. అసలే నిల్వలు అడుగంటి ఉన్నాయి కాబట్టి రక్తంలో అవి కుప్పకూలతాయి. గుండె లయ తప్పొచ్చు, ఊపిరి తీసే కండరాలు సోలిపోవచ్చు. పిండిపదార్థాన్ని శక్తిగా మార్చడానికి థయమిన్ (విటమిన్ బి1) కావాలి, రోజూ తాగేవాళ్లలో అది ముందే ఖాళీ. అది లేకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మతి తప్పడం, కళ్లు గిరగిరా కదలడం, నడక తూలడం మొదలవుతాయి. పక్షవాతం రోగిలో ఇవన్నీ స్ట్రోక్ ఖాతాలో పడిపోతాయి.

ఎవరికి ప్రమాదమో గుర్తుపట్టడానికి బ్రిటన్‌లో వైద్య సూచనలిచ్చే నైస్ సంస్థ 2006లో ఇచ్చిన కొలతలు ఇప్పటికీ పనికొస్తాయి. బీఎంఐ 16 లోపు, మూడు నుంచి ఆరు నెలల్లో 15 శాతానికి మించి బరువు తగ్గడం, పది రోజులకు మించి దాదాపు తిండి లేకపోవడం, ఫీడ్‌కు ముందే పొటాషియం, ఫాస్ఫేట్, మెగ్నీషియం తక్కువుండడం, వీటిలో ఒక్కటున్నా ప్రమాదమే. లేదంటే రెండో వరుసలో రెండు చాలు: బీఎంఐ 18.5 లోపు, 10 శాతానికి మించి తగ్గడం, ఐదు రోజులకు మించి తిండి లేకపోవడం, మద్యం అలవాటు లేదా ఇన్సులిన్, కీమో, యాంటాసిడ్, మూత్రం మందుల వాడకం. మీ రోగికి రెండో వరుసలో నాలుగుకు నాలుగూ ఉన్నాయి. ఇవన్నీ మీ ఉత్తరంలోనే ఉన్నాయి. మీరు సేకరించారు, కానీ ఫీడ్ రాసేటప్పుడు వాటి వైపు తిరిగి చూడలేదు. నేర్చుకోవాల్సింది ఈ మధ్య అడుగే.

ఇట్లాంటివాళ్లకు మొదటి రోజు కేజీకి 10 క్యాలరీలతో మొదలుపెడతారు, అంటే 480. గమ్యం కేజీకి 25 నుంచి 30, అంటే 1200 నుంచి 1440. రక్త పరీక్షలు నిలకడగా ఉంటే ఒకటి రెండు రోజులకోసారి గమ్యంలో మూడో వంతు, సుమారు 430 చొప్పున పెంచుకుంటూ పోవాలి. అలా ఐదారు రోజులు పడుతుంది. ప్రొటీన్ కేజీకి 1.2 గ్రాములు, మొత్తం 58 గ్రాములు లక్ష్యం. ఫీడ్ మొదలవకముందే థయమిన్ పడాలి, అమెరికా వాళ్ల 2020 సూచనలు కనీసం 100 మి.గ్రా. అంటాయి, నైస్ 200 నుంచి 300 అంటుంది. మోతాదు రాయాల్సింది డాక్టర్ గారు. కేస్ షీటులో అది ఉందా లేదా అని చూసి గుర్తుచేయాల్సింది మీరు. మొదటి మూడు రోజులు 12 గంటలకోసారి ఎలక్ట్రొలైట్లు (రక్తంలోని లవణాలు) చూడాలి. ఇక్కడ చాలా మంది బోల్తాపడే చోటొకటుంది. ల్యాబ్‌కు ‘సీరం ఎలక్ట్రొలైట్స్’ అని రాస్తే మామూలుగా సోడియం, పొటాషియం, క్లోరైడ్ మాత్రమే వస్తాయి. ఫాస్ఫేట్, మెగ్నీషియం విడిగా అడగాలి. అడగకపోతే అన్నీ నార్మల్ అని రిపోర్టు వస్తుంది, రోగి మాత్రం మూడో రోజుకు నీరసించిపోతాడు. మీ డాక్టర్ గారు విడిగా అడిగి చేయించారు, అదృష్టం. 2.8 నుంచి 1.7 అంటే 39 శాతం పతనం. ఐదు రోజుల్లో 30 శాతం దాటితే తీవ్రమైనదే. అంత వేగంగా పడితే క్యాలరీలు సగం చేసి, ఫాస్ఫేట్ ఎక్కించి, నిలదొక్కుకున్నాక మళ్లీ పెంచడమే పద్ధతి. ఆయన చెప్పిన సగం మీ చదువును తక్కువ చేసిన మాట కాదు, సరిగ్గా రాసి ఉన్న చికిత్స.

మరి తక్కువే వెళ్లింది కదా అంటారు. ఎంత వెళ్లిందో లెక్క తీద్దాం.

షీటులో 1400 మి.లీ. ఉంది. మి.లీ.లు క్యాలరీలు కావు. మీరు పంపిన వివరం ప్రకారం తొమ్మిదింటిలో ఒక ఫీడ్ సీటీ స్కాన్‌కు తీసుకెళ్లినప్పుడు పోయింది. ఇంకొకటి ట్యూబు ఊడి, మళ్లీ వేసి, ఎక్స్‌రే వచ్చేదాకా ఆగిపోయింది. మిగిలిన ఏడింటిలో నాలుగే మీ ఫీడ్, మూడు పెద్దమ్మ (ఆయన భార్య) పోసిన జావ. మీ ఫీడ్ మి.లీ.కు ఒక క్యాలరీ కాబట్టి నాలుగింటికి 800. పావు లీటరు నీళ్లకు 20 గ్రాముల రాగిపిండి, కాస్త మజ్జిగ వేసి ట్యూబులో దిగేంత పలచగా కాస్తే ఆ మొత్తానికి 75 క్యాలరీలు దాటవు. 200 మి.లీ.కు 60. మూడింటికి 180. అంటే చార్టులో 1800, ట్యూబు దాటి లోపలికి 980. నర్సు షీటు మాత్రం అన్నీ బాగానే ఉన్నట్టు 1400 చూపిస్తోంది.

ఇంకొకటి చార్టులోనూ లేదు, షీటులో ఫీడ్ కాలమ్‌లోనూ లేదు: డీఎన్ఎస్, అంటే గ్లూకోజ్ కలిపిన సెలైన్. మన దగ్గర బాటిల్ పెడితే బలమని నమ్ముతారు. ఐదు శాతం గ్లూకోజ్ అర లీటరు బాటిల్లో ఉండేది 25 గ్రాములు, గ్రాముకు 3.4 చొప్పున 85 క్యాలరీలు. రెండు ఇడ్లీలకు కాస్త అటూ ఇటూ. బలం కోసమైతే అది లెక్కలోకి రాదు. కానీ రీఫీడింగ్ రోగికి అది పూర్తిగా వేరే సంగతి, ఎందుకంటే అది మొత్తం పిండిపదార్థమే, నేరుగా రక్తంలోకి. మొదటి రెండు రోజులు రోజుకు రెండు లీటర్లు ఎక్కి ఉంటే 340 క్యాలరీలు, కేజీకి 7. థయమిన్ లేకుండా ఎక్కి ఉంటే మీ ఫీడ్ కన్నా ముందే కథ మొదలైపోయింది. ఫీడ్ మొదలయ్యాక కూడా రోజుకు ఒక లీటరు నడిచిందనుకోండి, 980కి 170 కలిపితే 1150. కేజీకి 24. పదితో మొదలవ్వాల్సిన మనిషికి ఇరవై నాలుగు వెళ్లింది. డాక్టర్ గారు ఎక్కువైందన్నది దీన్నే. మీరు 1800తో పోల్చి తక్కువ అనుకున్నారు, ఆయన రోగితో పోల్చి ఎక్కువ అన్నారు.

అందుకే మా మాట ఇది: డైటీషియన్ రోజు చార్టు రాయడంతో మొదలుకాకూడదు. నిన్నటి 24 గంటల్లో ఏం వెళ్లిందో కూడడంతో మొదలుకావాలి. ట్యూబు, సెలైన్, నోరు, ఇంటి టిఫిన్ క్యారియర్, అన్నీ. ఐసీయూలో ప్రొపోఫోల్ అనే మత్తుమందు నడుస్తుంటే అది కూడా కలపాలి, దానిలో నూనె ఉంటుంది కాబట్టి మి.లీ.కు 1.1 క్యాలరీ. రాసిన దానికీ వెళ్లిన దానికీ తేడా ఎంత, ఎందుకు అన్న రెండు ప్రశ్నలకు జవాబు దొరికితే ఈ రోజు ఏం రాయాలో తెలిసిపోతుంది. స్కాన్ వల్ల పోయిన ఫీడ్‌ను తర్వాతి రెండు ఫీడ్లలో సర్దొచ్చు. ట్యూబు ఊడితే అంటించే ప్లాస్టరు, చేతికి తొడుగు సంగతి చూడాలి. జావ అయితే మాట్లాడాలి.

జావ గురించి. ఆమె మొండిగా చేస్తోందనుకోకండి. ముప్పై ఏళ్లు వండిపెట్టిన మనిషి, ఇప్పుడు చేతులు కట్టుకుని స్టూలు మీద కూర్చోమంటే కూర్చోలేదు. ‘డబ్బా పొడితోని ఏం బలమొస్తది బిడ్డా, ఇంటికాంచి తెచ్చిన, జర పొయ్యనియ్యి’ అన్నప్పుడు ‘వద్దమ్మా’ అంటే మీరు అటు తిరగ్గానే పోస్తుంది. ఆమె తెచ్చిన గ్లాసులోదాన్ని ఆమె ముందే కొలజాడీలో పోయండి. ఒక చెంచా రాగిపిండి ఎంతుంటుందో అరచేతిలో పోసి చూపించండి. ‘ఇంత నీళ్లల్ల ఇంతే పిండి ఉన్నది పెద్దమ్మా, కడుపు నిండుతది గని ఆకలి తీరదు’ అని చెప్పండి. ఆమెకు అర్థమవుతుంది, అంబలి తాగి పొలం పోయిన మనిషి మళ్లీ పదింటికి సద్ది మూట విప్పడం ఆమె రోజూ చూసిందే.

జావ చిక్కగా చేస్తే ట్యూబులో దిగదు, పలచగా చేస్తే సత్తువ ఉండదు. దీనికి మన ఇళ్లలోనే ఒక మందుంది. రాగులు ఒక రాత్రి నానబెట్టి, గుడ్డలో కట్టి ఒకటిన్నర రెండు రోజులు మొలకెత్తించి, నీడన ఎండబెట్టి, దోరగా వేయించి పట్టించిన పిండిలో అమైలేజ్ ఎంజైము ఉంటుంది. గంజిలోని పిండిపదార్థాన్ని అది ముక్కలు చేస్తుంది, చిక్కటి జావ కూడా చూస్తుండగానే పలచబడుతుంది. ఉడుకుతున్న జావలో వేస్తే ఎంజైము చచ్చిపోతుంది. దింపి, కాస్త వేడి తగ్గి, ఇంకా పొగలు వస్తుండగా ఒక చెంచా వేసి కలిపి పది నిమిషాలుంచాలి, ఆ తర్వాత మళ్లీ ఒక పొంగు రానిచ్చి చల్లార్చాలి. ఎక్కువ మాడేలా వేయించినా ఇదే నష్టం.

ఎలక్ట్రొలైట్లు సర్దుకుని పూర్తి గమ్యానికి చేరాక ఇంటి ఫీడ్‌గా ఇది రాయండి, 200 మి.లీ.కు: టోన్డ్ పాలు 150 మి.లీ., మొలక రాగిపిండి 15 గ్రాములు, పాలపొడి (వెన్న తీసింది) 10 గ్రాములు, చక్కెర 5 గ్రాములు, నూనె ఒక టీ చెంచా, మిగతాది కాచిన నీళ్లు. దీనికి సుమారు 230 క్యాలరీలు, 9 గ్రాములకు పైగా ప్రొటీన్. రోజుకు ఆరుసార్లు పోస్తే 1380 దాకా క్యాలరీలు, 56 గ్రాముల ప్రొటీన్. పాలపొడి తీసేస్తే ప్రొటీన్ 35 దగ్గరే ఆగిపోతుంది, ఇంటి ఫీడ్లలో ఎప్పుడూ కొరవడేది అదే. పాలలో ఫాస్ఫరస్ ఉండడం ఈయనకు లాభం, కిడ్నీ రోగికైతే ఇదే ఫీడ్ చేటు. పాలు ఇంతగా పడితే కొందరికి విరేచనాలవుతాయి. అప్పుడు వెంటనే ఫీడ్ ఆపకండి, ముందు మందుల షీటు చూడండి. సార్బిటాల్ అనే తీపి పదార్థం ఉన్న సిరప్‌లు, యాంటీబయాటిక్స్ చాలాసార్లు అసలు కారణం. మజ్జిగ ఇష్టమైతే దాన్ని పాల ఫీడ్ వెంటనే పోయొద్దు, పుల్లదనానికి పాలు ట్యూబులోనే విరిగి గడ్డకడతాయి. పండ్లరసానికీ ఇదే మాట. పచ్చిగుడ్డు ఎవరు చెప్పినా వద్దు.

ట్యూబు మూసుకుపోవడానికి ఒక పెద్ద కారణం మాత్రలు. నాలుగు మాత్రలు కలిపి నూరి పోస్తారు. ఒక్కోటి విడిగా, మెత్తగా, నీళ్లలో కలిపి పోసి మధ్యలో 15 మి.లీ. నీళ్లు వదలాలి. ఫీడ్‌కు ముందు 30, తర్వాత 30. పై పూత ఉన్నవి, మెల్లగా కరిగేలా చేసినవి నూరకూడదు, వేరే రూపం అడగాలి. ఫిట్స్‌కు ఫెనిటాయిన్ ఇస్తుంటే దానికి ముందు, తర్వాత గంట రెండు గంటలు ఫీడ్ ఆపాలి, లేకపోతే మందు ఒంటికి పట్టదు. ఈ ఆపిన గంటలు కూడా మీ లెక్కలో ఉండాలి.

డాక్టర్ గారితో మాట్లాడడం గురించి మీరు అడగలేదు కానీ ఉత్తరంలో ఆ భయం కనిపిస్తోంది. రౌండ్లో ఆయనకు మీ కోసం అర నిమిషం ఉంటుంది. ఆ అర నిమిషంలో క్యాలరీల ఫార్ములా చెప్పొద్దు. ‘సార్, 12వ బెడ్. అంచనా బరువు 48, రెండు నెలల్లో 11 శాతం తగ్గాడు, తొమ్మిది రోజులుగా తిండి లేదు, ఆల్కహాల్ ఉంది, రీఫీడింగ్ రిస్క్. 480తో మొదలుపెడదామనుకుంటున్నా. థయమిన్ రాయలేదు, ఫాస్ఫేట్, మెగ్నీషియం పంపమంటారా?’ ఇంతే. ఇలా అడిగితే ఏ డాక్టరూ కాదనడు, మర్నాటి నుంచి ఆయనే మిమ్మల్ని వెతుక్కుంటాడు. కేస్ షీటులోనూ ఇదే వరుస: ఏం చూశాను, సమస్య ఏమిటి, ఎందువల్ల, దానికి రుజువేమిటి, ఏం చేస్తున్నాను, మళ్లీ ఎప్పుడు చూస్తాను. 2003లో అమెరికా డైటీషియన్ల సంఘం తెచ్చిన, ఇప్పుడు చాలా దేశాల్లో వాడుతున్న న్యూట్రిషన్ కేర్ ప్రాసెస్‌కు తెలుగు ఇదే. ‘హై ప్రొటీన్ డైట్ అడ్వైజ్డ్’ అని రాసి సంతకం పెడితే ఎవరికీ ఏమీ తెలియదు.

నాలుగు నెలల సంగతి. మొదటి రెండు వారాలు వంటగదికి పోండి. అక్కడికి పంపితే చిన్నచూపు అనుకుంటారు చాలామంది ఇంటర్న్‌లు, ఆ తర్వాత జన్మంతా గంటెడు కూర ఎన్ని గ్రాములో తెలియకుండా చార్టులు రాస్తారు. ఒక కాంటా, ఒక కొలజాడీ పట్టుకుని మీ వంటగదిలోని ప్రతి గంటె, గిన్నె, గ్లాసు కొలిచి నోటుబుక్కులో రాసుకోండి. వంద గ్రాముల బియ్యం వండితే ఎన్ని గ్రాముల అన్నమవుతుందో స్వయంగా తూచండి, రెండున్నర నుంచి మూడు రెట్లవుతుంది. ఎన్‌ఐఎన్ 2017 ఆహార పట్టికల్లో 528 రకాలున్నాయి, అంకెలు పచ్చి సరుకువి. వండిన వంద గ్రాముల అన్నానికి బియ్యం అంకె 356 వేసే ఇంటర్న్‌లు ప్రతి బ్యాచిలో ఉంటారు. అసలు ఉండేది సుమారు 130. రోజుకు ఆరువందల గ్రాముల అన్నం తినే మనిషి దగ్గర ఈ ఒక్క పొరపాటు సుమారు 1350 క్యాలరీల అబద్ధమవుతుంది.

తర్వాత, మనుషుల్ని అడగడం. ‘ఎంత తింటరు?’ అంటే ‘గింతే బిడ్డా’ అంటారు. ఎవరి గింత వాళ్లది. నిన్న పొద్దున లేచిన దగ్గర నుంచి అడుగుతూ రండి, ఏ గిన్నెలో, ఎన్నిసార్లు వడ్డించుకున్నారు, తలెలో ఎంత మిగిలింది. తొక్కు, పచ్చిపులుసు అన్నారంటే ఆ పూట పప్పు లేదని అర్థం. నూనె నేరుగా అడిగితే తేలదు, నెలకు ఎన్ని ప్యాకెట్లు, ఇంట్లో ఎంతమంది అని అడగండి. నలుగురికి నాలుగు లీటర్లయితే మనిషికి రోజుకు 33 మి.లీ., అంటే 270 క్యాలరీలు. తాగుడు గురించి ఇంటివాళ్లు లేనప్పుడు, మామూలు గొంతుతో అడగండి, ఏం తాగుతారో కూడా. కల్లు అయితే తప్పక రాయండి. కల్తీ కల్లులో ఆల్ప్రజోలాం, డైజిపాం వంటివి దొరికిన ప్రాంతాలు మనవి. అది ఆగిన రెండు మూడు రోజులకు వణుకు, పిచ్చిచూపులు, ఫిట్స్ వస్తాయి. రీఫీడింగ్ కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే వస్తుంది. ఏది ఏదో విడదీయాలంటే మీరు రాసిన ఆ ఒక్క ముక్కే ఆధారమవుతుంది.

మిగతా వారాలు డయాలసిస్, ఐసీయూ, పిల్లల వార్డు, షుగర్ ఓపీ మధ్య పంచుకోండి. ప్రతి చోటా పది కేసులు మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా వెంబడించడం వంద కేసులు ఒక్కసారి చూడడం కన్నా మేలు. మీ ఆసుపత్రిలో చిన్నపిల్లలు తక్కువైతే, ఎంజీఎం వంటి పెద్ద ప్రభుత్వాసుపత్రిలో కొన్ని రోజులు పరిశీలనకు అనుమతి అడగమని మీ విభాగం ద్వారా ప్రయత్నించండి. ఎఫ్-75 అనే మొదటి విడత పాల ఫీడ్‌లో వంద మి.లీ.కు 75 క్యాలరీలే ఎందుకు, దాన్నుంచి ఎక్కువ క్యాలరీలున్న ఎఫ్-100కు ఎప్పుడు మారుస్తారు అన్నది తీవ్ర పోషణలోపం ఉన్న ఒక పసిబిడ్డను చూస్తే ఇక మరిచిపోరు. మీ రైతుకు వర్తించేదీ అదే సూత్రం: తక్కువతో మొదలుపెట్టి మెల్లగా పెంచడం.

ఆర్డీ పరీక్ష ఇండియన్ డైటెటిక్ అసోసియేషన్ నిర్వహిస్తుంది. ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్‌లో తేదీలు, విభాగాలు, పర్యవేక్షించిన డైటీషియన్ సంతకం స్పష్టంగా ఉండేలా ఇప్పుడే చూసుకోండి, అర్హత నిబంధనలు ఆ ఏడాది నోటిఫికేషన్‌లో ఒకసారి సరిచూసుకోండి. 2021లో వచ్చిన అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ కమిషన్ చట్టంలో డైటీషియన్లు, న్యూట్రిషనిస్టులు ఉన్నారు. రిజిస్ట్రేషన్‌కు మీ చదువు, శిక్షణ కాగితాలే ఆధారం కాబట్టి లాగ్‌బుక్ పారేయకండి. చదవడానికి విడిగా నోట్సు కొనక్కర్లేదు. రోజుకు ఒక కేసు తీసుకుని దాని శరీరధర్మం, మందులు, ఆహారం, వంటగది సరుకుల ఇండెంట్ దాకా పూర్తిగా రాయండి.

చివరికి, డిశ్చార్జి. వచ్చే వారమే కాబట్టి రేపటి నుంచి ఫీడ్ మీరు పోయకండి, నర్సు పోయొద్దు, మీ ఎదుట పెద్దమ్మనే పోయనివ్వండి. మంచం తల 30 నుంచి 45 డిగ్రీలు, ఇంట్లో అయితే గోడకు మూడు మెత్తలు. ముక్కు దగ్గర ట్యూబు మీద పెన్నుతో గీసిన గీత అక్కడే ఉందా చూసుకోవాలి, జరిగితే పోయకూడదు. ఊడితే ఇంట్లో, ఊరి ఆర్‌ఎంపీ దగ్గర మళ్లీ తోయించకూడదు. అది ఊపిరితిత్తుల్లోకి పోయిందో లేదో తెలియాలంటే ఎక్స్‌రే గానీ, కడుపు ద్రవం పీహెచ్ 5.5 లోపు ఉందన్న పరీక్ష గానీ కావాలి. గాలి కొట్టి స్టెతస్కోపుతో వినడం నమ్మదగ్గది కాదు. ఏ పూట ఫీడ్ ఆ పూటే కలపాలి, రెండు గంటలు దాటింది పారబోయాలి, ఎండాకాలం అంతసేపు కూడా ఉంచొద్దు. ఫీడ్ల మధ్య మంచినీళ్లు కలిపి రోజుకు మొత్తం ఒకటిన్నర లీటరు అందాలి. నోటితో తినకపోయినా రెండు పూటలా నోరు శుభ్రం చేయాలి, పాచిపట్టిన నోటి నుంచే నిమ్ము వస్తుంది. మింగే పరీక్ష మళ్లీ ఎప్పుడో తేదీ రాసివ్వండి, అప్పటిదాకా గొంతు తడపడానికి కూడా ఒక్క గుక్క నీళ్లు నోట్లో పోయొద్దని ఇంటిల్లిపాదికీ చెప్పండి. నాలుగు నుంచి ఆరు వారాలకు కూడా మింగడం రాకపోతే కడుపుకు నేరుగా వేసే పెగ్ ట్యూబు గురించి డాక్టర్ గారు మాట్లాడతారని ముందే చెప్పి ఉంచండి.

ఆమెకు చదువు రాకపోతే కాగితం మీద ఆరు గ్లాసుల బొమ్మలు గీసి, పోసినప్పుడల్లా ఒకటి కొట్టేయమనండి. 50 మి.లీ. సిరంజి పిస్టన్ తీసేసి, పైకెత్తి పట్టుకుని, నాలుగు సిరంజిలు దానంతట అది దిగేలా పదిహేను ఇరవై నిమిషాలు, తోయకుండా. వరుసగా మూడు పూటలు మీరు నోరు విప్పకుండా నిలబడితే ఆమె తప్పులేకుండా చేసిందా చూడండి, అప్పుడు డిశ్చార్జి షీటు మీద సంతకం పెట్టండి.